తుపాకీ మోతకు చెవి రక్షణ: డబ్బా మీది అంకె కాదు, చెవిలోని సందు చూడండి

చెవుల మీద కప్పుల్లా కూర్చునే ఇయర్ మఫ్ కొనేటప్పుడు చాలామంది ముందు చూసేది, అది మోతను ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పే డబ్బా మీది అంకె. 25 కన్నా 31 గొప్పదని అదే తీసుకుంటారు. తీరా షూటింగ్ రేంజ్‌కి వెళ్లాక మందపాటి కాడలున్న కళ్లజోడు మీద దాన్ని తగిలిస్తారు. కాడకీ చర్మానికీ మధ్య మిగిలిన సన్నటి సందులోంచి మోత లోపలికి దూరుతూనే ఉంటుంది. అంతకన్నా తక్కువ అంకె ఉన్నదాన్ని సరిగ్గా పెట్టుకున్న పక్కవాడి చెవి ఎక్కువ భద్రంగా ఉంటుంది. ఏది కొనాలన్నది చిన్న విషయం. దాన్ని సందు లేకుండా ఎలా కూర్చోబెట్టాలన్నదే అసలు పని.

ఒక్క షాట్ చాలు

ఫ్యాక్టరీల్లో మోతకు ఒక లెక్క ఉంది. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చు. అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయాన్ని సగానికి తగ్గించుకోవాలి. తుపాకీ దగ్గర ఈ లెక్క పనికిరాదు. మోత గరిష్ఠ స్థాయి (పీక్) 140 డెసిబెల్స్ దాటితే ఒక్క పేలుడుతోనే వినికిడి శాశ్వతంగా దెబ్బతినొచ్చు. పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ హద్దును 120గా పెట్టింది.

ఏ తుపాకీ ఎంత మోగుతుందో ఉజ్జాయింపుగా చూద్దాం. పొడుగు బ్యారెల్ ఉన్న .22 రైఫిల్ 140కి అటూఇటూ ఉంటుంది. అదే తూటాను పిస్టల్‌లో పేలిస్తే 150 దాటుతుంది. 9 ఎంఎం పిస్టల్ 160 దగ్గర, 12 గేజ్ షాట్‌గన్ 150-165 మధ్య, .308 లాంటి వేట రైఫిళ్లు 160 పైనే. డెసిబెల్ లెక్కలో 10 పెరిగితే శక్తి పది రెట్లవుతుంది కాబట్టి 140కీ 160కీ మధ్య తేడా వంద రెట్లు. బ్యారెల్ పొట్టిదైన కొద్దీ మోత పెరుగుతుంది. బ్యారెల్ మూతికి బిగించే మజిల్ బ్రేక్ ఉంటే ఇంకా ఘోరం: అది వాయువును పక్కలకీ వెనక్కీ మళ్లిస్తుంది కాబట్టి భుజానికి తగిలే దెబ్బ తగ్గినా, కాల్చేవాడి చెవి దగ్గర 5 నుంచి 10 డెసిబెల్స్ అదనంగా పడతాయి. పక్క లేన్‌లో ఉన్నవాళ్లకు అంతకన్నా ఎక్కువే.

లోపలి చెవిలో, కాక్లియాలో, శబ్దాన్ని పట్టే రోమ కణాలుంటాయి. మనుషుల్లో అవి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. పెద్ద శబ్దం వచ్చినప్పుడు మధ్య చెవిలోని చిన్న కండరం బిగుసుకుని కొంత అడ్డుకుంటుంది. కానీ అది కదలడానికే పదుల మిల్లీసెకన్లు పడుతుంది, పేలుడు కొద్ది మిల్లీసెకన్లలోనే ముగిసిపోతుంది. శరీరానికి తనను తాను కాపాడుకునే వ్యవధే దొరకదు. దెబ్బ ముందుగా 3000 నుంచి 6000 హెర్ట్జ్ మధ్య పడుతుంది, ఎక్కువగా 4000 దగ్గర. అందుకే మొదట్లో ఎవరికీ తెలియదు. మాటలు వినిపిస్తూనే ఉంటాయి, స, శ, ష లాంటి అక్షరాలు మాత్రం మసకబారతాయి. నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరేమన్నారో అందదు.

కుడిచేతి వాటం ఉన్నవాళ్లకు రైఫిల్ పేల్చేటప్పుడు ఎడమ చెవికే దెబ్బ ఎక్కువ. తల వాలి కుడి చెవి భుజం దగ్గరికి వెళ్తుంది, తల చాటున పడుతుంది. ఎడమ చెవి నేరుగా బ్యారెల్ మూతి వైపు తిరిగి ఉంటుంది. ఎడమచేతి వాటమైతే దీనికి తారుమారు. చెవి కాలువలో దూర్చే ప్లగ్ పెట్టుకోవడంలో ఏ చెవి దగ్గర బద్ధకిస్తున్నారో గమనించుకోండి.

డబ్బా మీది అంకెను ఎలా చదవాలి

అమెరికా లెక్కలో అది ఎన్‌ఆర్‌ఆర్, ఐరోపా లెక్కలో ఎస్‌ఎన్‌ఆర్. పరీక్షించే పద్ధతులు వేరు కాబట్టి రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఒకే వస్తువుకు ఎస్‌ఎన్‌ఆర్ సాధారణంగా కొంచెం పెద్దగా కనిపిస్తుంది. ఎన్‌ఆర్‌ఆర్‌ను ల్యాబ్‌లో, శిక్షణ ఉన్నవాళ్లు దగ్గరుండి సరిగ్గా అమర్చాక కొలుస్తారు. అది కూడా నిలకడగా సాగే శబ్దంతో, తుపాకీ పేలుడుతో కాదు. బయట అంత రాదని అమెరికా సంస్థలే కోత పెట్టి లెక్కిస్తాయి. అక్కడి కార్మిక ఆరోగ్య పరిశోధన సంస్థ నయోష్ 1998 లెక్కలో మఫ్‌కు 25 శాతం, ఫోమ్ ప్లగ్‌కు 50 శాతం, మిగతా ప్లగ్గులకు 70 శాతం తగ్గిస్తారు. అంటే 30 అని రాసి ఉన్న ఫోమ్ ప్లగ్ నుంచి నికరంగా 15 వస్తుందనుకోవాలి. 24 ఉన్న మఫ్ నుంచి 18. మఫ్ కన్నా ఫోమ్‌కు ఎక్కువ కోత ఎందుకంటే, దాన్ని సరిగ్గా పెట్టుకునేవాళ్లు తక్కువ. సరిగ్గా పెట్టుకుంటే అంత కోత అక్కర్లేదు.

ఫోమ్ ప్లగ్

అన్నిట్లోకీ చవక ఇదే. సరిగ్గా కూర్చుంటే రక్షణలో ముందుండేదీ ఇదే. పెట్టే తీరు ఇలా:

1. తూటాలు ముట్టుకోకముందే పెట్టుకోండి. తూటాల నుంచి, పేలిన తొడుగుల నుంచి చేతులకు సీసం అంటుతుంది. అదే చేత్తో ప్లగ్ నలిపితే సీసం చెవిలోకి చేరుతుంది. ముందే ముట్టుకుని ఉంటే సబ్బుతో కడిగి, తడి పూర్తిగా ఆరాక మొదలుపెట్టండి.

2. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మధ్య పెట్టి మెల్లగా తిప్పుతూ నొక్కుతూ సన్నటి పుల్లలా చేయండి. మడతలు పడకూడదు. మడత ఉన్నచోట ఫోమ్ ఉబ్బాక పొడుగునా చిన్న కాలువ మిగిలిపోతుంది, మోత ఆ దారినే వస్తుంది. మడత కనిపిస్తే వదిలేసి, ప్లగ్ ఉబ్బాక మళ్లీ మొదటి నుంచి చుట్టండి.

3. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పట్టుకుని పైకీ వెనక్కీ లాగండి. చెవి కాలువ సహజంగా వంకరగా ఉంటుంది, ఇలా లాగితే తిన్నగా అవుతుంది. చాలామంది వదిలేసేది ఈ పనే. లాగకుండా తోస్తే ప్లగ్ మొదటి వంపు దగ్గరే ఆగిపోయి సగం బయటే ఉంటుంది.

4. ఉబ్బకముందే తిన్నగా లోపలికి జరపండి. వేలి కొసతో 20 నుంచి 30 సెకన్లు అలాగే నొక్కి పట్టుకోండి. వేలు తీసేస్తే అది ఉబ్బుతూ తనంతట తానే వెనక్కి వస్తుంది.

చలిలో ఫోమ్ గట్టిపడుతుంది, ఆలస్యంగా ఉబ్బుతుంది. ప్యాకెట్‌ను లోపలి జేబులో, ఒంటి వేడికి పెట్టుకోండి. నొక్కి పట్టే సమయం కూడా పెంచండి.

కూర్చుందో లేదో తెలుసుకోవడానికి మూడు గుర్తులు. అద్దంలో ఎదురుగా చూసుకుంటే ప్లగ్ చెవి బయటికి పొడుచుకుని కనిపించకూడదు. మీ గొంతు మీకే తలలోంచి వస్తున్నట్టు, గంభీరంగా వినిపించాలి. చుట్టూ నిలకడైన శబ్దం ఉన్నప్పుడు రెండు అరచేతులతో చెవుల్ని గట్టిగా మూసి తెరవండి. మూసినప్పుడూ తెరిచినప్పుడూ పెద్ద తేడా లేకపోతే ప్లగ్ పని చేస్తున్నట్టే. అరచేతులు పెట్టగానే శబ్దం బాగా తగ్గితే మాత్రం ఎక్కడో సందుంది, తీసి మళ్లీ పెట్టండి.

ఎంత జాగ్రత్తగా పెట్టినా జారి బయటికి వస్తుంటే మీ కాలువ సన్నం, చిన్న సైజు తీసుకోండి. ఇట్టే లోపలికి పోయి వదులుగా ఉంటే పెద్ద సైజు కావాలి. రెండు చెవులకూ రెండు సైజులు కావాల్సి వచ్చినా వింతేమీ కాదు. మాట్లాడినా, ఏదైనా నమిలినా, చెంపను రైఫిల్ వెనుక చెక్కకు ఆనించినా దవడ కదులుతుంది. దవడతో పాటు చెవి కాలువ ఆకారం మారి ప్లగ్ వదులవుతుంది. అప్పుడప్పుడూ అరచేతి పరీక్ష మళ్లీ చేయండి, కనీసం గంటకోసారి.

తీసేటప్పుడు ఒక్కసారిగా లాగొద్దు. లోపల గాలి పీల్చినట్టై కర్ణభేరికి నొప్పి కలుగుతుంది. మెల్లగా మెలితిప్పుతూ తీయండి.

మూడంచెల గొడుగుల్లా ఉండే సిలికాన్ ప్లగ్గులకు చుట్టడం అక్కర్లేదు, పట్టుకుని తోస్తే చాలు. తాడుతో మెడకు వేలాడేసుకోవచ్చు కాబట్టి వేటలో అనుకూలం. కానీ చెవికి సరిపడే సైజు దొరకకపోతే ఫోమ్ కన్నా చాలా తక్కువ కాపాడతాయి. చెవి అచ్చు తీయించి చేయించుకునే ప్లగ్గులు రోజంతా పెట్టుకున్నా నొప్పి లేకుండా హాయిగా ఉంటాయి. అయితే అచ్చు తీసింది కదా అని సందు లేదనుకోవద్దు, అరచేతి పరీక్ష వీటికీ తప్పదు. బరువు బాగా పెరిగినా తగ్గినా చెవి కాలువ కొలత మారి ఇవి వదులు కావచ్చు.

ఇయర్ మఫ్

మఫ్‌లో పని చేసేది కప్పు చుట్టూ ఉన్న మెత్త. అది చుట్టూతా చర్మానికి ఆనాలి. మధ్యలో జుట్టు, టోపీ అంచు, చెవిపోగు, కళ్లజోడు కాడ, ఏది వచ్చినా అక్కడ గాలి దారి ఏర్పడుతుంది. మందపాటి కాడలు 3 నుంచి 7 డెసిబెల్స్ దాకా రక్షణను తినేయగలవు. షూటింగ్‌లో కళ్లద్దాలు మానడానికి వీల్లేదు కాబట్టి సన్నటి, చదునైన కాడలున్నవి తీసుకోండి. ముందు కళ్లద్దాలు పెట్టుకుని, తర్వాత మఫ్ దించి, కాడ వెళ్లిన చోట వేలితో తడిమి చూడండి. అక్కడ మెత్త కాడ చుట్టూ మునిగి ఉండాలి, పైకి లేచి ఉండకూడదు.

బ్యాండ్ నడినెత్తి మీదుగా నిటారుగా వెళ్లాలి. టోపీ పైన ఉండే గుండీ బ్యాండ్‌ను ఎత్తేస్తుంటే ఆ టోపీ మార్చండి. బిగువుగా ఉందని బ్యాండ్‌ను వంచి వదులు చేసుకునేవాళ్లు ఉంటారు. ఆ బిగువే సీలు, అది పోతే మఫ్ వట్టి అలంకారం.

రైఫిల్, షాట్‌గన్ వాడేవాళ్లకు ఇంకో చిక్కుంది. చెంప చెక్కకు ఆనగానే లావు కప్పు కింది అంచు ఆ చెక్కకు తగిలి పైకి లేస్తుంది. సరిగ్గా ట్రిగ్గర్ నొక్కే క్షణంలో సందు తెరుచుకుంటుంది. ఖాళీ తుపాకీని, ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాక, భుజానికి ఎత్తి కప్పు కదులుతోందో లేదో పరీక్షించండి. కదిలితే కింద కోసినట్టు పలచగా ఉండే కప్పుల మఫ్ తీసుకోవాలి, లేదా ప్లగ్గులకు మారాలి.

మెత్తలు గట్టిపడ్డా, చీలినా, నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయినా మార్చే సమయం వచ్చినట్టే. తరచూ వాడేవాళ్లు ఆరు నెలల నుంచి ఏడాదికోసారి మార్చుకోవాలి. చాలా మోడళ్లకు మెత్తలు, లోపలి స్పాంజి విడిగా కిట్‌గా దొరుకుతాయి. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే ఆ గడువు కూడా రాకముందే పాడవుతాయి.

ఎలక్ట్రానిక్ మఫ్‌లు

వీటి మీద ఒక అపోహ ఉంది: శబ్దాన్ని ఎలక్ట్రానిక్స్ ఆపుతుందని. ఆపేది కప్పూ మెత్తా మాత్రమే. బయటి మైకు మామూలు శబ్దాల్ని లోపలి స్పీకర్‌కు పంపుతుంది. శబ్దం దాదాపు 82-85 డెసిబెల్స్ దాటితే పంపడం ఆపేస్తుంది, లేదా తగ్గించి పంపుతుంది. బ్యాటరీ అయిపోతే అది మామూలు మఫ్‌గా మిగులుతుంది, అంతే. అందుకే ఖరీదైన ఎలక్ట్రానిక్స్ ఉన్న నాసిరకం కప్పు కొనడంలో అర్థం లేదు. ఎలక్ట్రానిక్ మఫ్‌లలో చాలావాటికి ఎన్‌ఆర్‌ఆర్ 22-23 దగ్గరే ఉంటుంది.

చవక రకాలు ప్రతి పేలుడుకూ శబ్దాన్ని పూర్తిగా కోసేస్తాయి. పది మంది ఏకధాటిగా కాలుస్తున్న రేంజ్‌లో రేంజ్ ఆఫీసర్ ఆదేశం ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. అణచి పంపే రకాల్లో మాట తెగదు. రేంజ్‌లో ఇది సౌకర్యం మాత్రమే కాదు, భద్రత కూడా. గాలి వీచే చోట మైకు మీద స్పాంజి తొడుగు ఉంటే ఊళ ఉండదు. వానలో తడిస్తే బ్యాటరీలు తీసి, మూత తెరిచి ఆరబెట్టండి. నెలల తరబడి వాడకపోయినా బ్యాటరీలు తీసేయాలి, కారితే సర్క్యూట్ పోతుంది.

ప్లగ్గూ మఫ్ కలిపి

ఇన్‌డోర్ రేంజ్, మజిల్ బ్రేక్, పొట్టి బ్యారెల్, పెద్ద రైఫిల్: వీటిలో ఏ ఒక్కటున్నా రెండూ కలిపి వాడండి. ఇన్‌డోర్‌లో గోడలు, పైకప్పు శబ్దాన్ని తిప్పికొడతాయి, పక్క లేన్ల మోతలూ దానికి తోడవుతాయి. అయితే 30, 24 కలిపితే 54 రాదు. రెంటిలో పెద్దదానికి 5 కలిపి లెక్కేసుకోవాలి. ఎంత మూసినా పుర్రె ఎముకల ద్వారా శబ్దం లోపలి చెవికి చేరుతుంది కాబట్టి 40-50 డెసిబెల్స్‌కు మించి ఎవరికీ రక్షణ దొరకదు. అయినా రెండు పొరలు ఎందుకంటే, ఒక దాంట్లో సందు పడినా రెండోది నిలబడుతుంది. లోపల ఫోమ్ పెట్టుకుని, పైన ఎలక్ట్రానిక్ మఫ్ పెట్టి దాని వాల్యూమ్ పెంచితే మాటలు కూడా వినిపిస్తాయి. అనుభవజ్ఞులు ఎక్కువగా ఎంచుకునే ఏర్పాటు ఇదే.

వేటలో

అనుమతి ఉన్నచోట వేటకు వెళ్లేవాళ్లు చెవి రక్షణ మానడానికి చెప్పే కారణం ఒకటే: ఆకు కదిలినా వినపడాలి. ఆ కోరిక న్యాయమైనదే. దానికి మూడు దారులున్నాయి. ఎలక్ట్రానిక్ మఫ్ లేదా ఎలక్ట్రానిక్ ప్లగ్ అయితే చిన్న శబ్దాల్ని పెంచి మరీ వినిపిస్తుంది. సన్నటి రంధ్రం ఉన్న వడపోత ప్లగ్గులు మాటను పోనిచ్చి, పేలుడును మాత్రం గట్టిగా అడ్డుకుంటాయి. వీటికి బ్యాటరీ అక్కర్లేదు. కానీ మూత ఉన్న రకమైతే అది తెరిచి ఉందో మూసి ఉందో చూసుకోవాలి. రోజుకు ఒకటి రెండు షాట్లకు సరే గానీ, రేంజ్‌లో వందల తూటాలకు ఇవి చాలవు. మూడో దారి, మెడలో వేలాడే తాడు ప్లగ్గులు. ఇది అన్నిట్లోకీ బలహీనం. జంతువు కనిపించాక చేతులు తుపాకీ మీదికి పోతాయి గానీ ప్లగ్గుల మీదికి పోవు.

అందుకని మాటు వేసిన చోటికి చేరగానే, తూటా ఎక్కించకముందే, చెవులు మూసుకోవడాన్ని వరుసలో భాగం చేసుకోండి. మఫ్‌తో శబ్దం ముందు నుంచి వచ్చిందా, వెనక నుంచా అన్నది తేల్చుకోవడం కష్టం. తోటివాళ్లు ఎటున్నారో వినికిడితో అంచనా వేయొద్దు, కళ్లతో చూడండి. మంచె మీద, గుడిసె లాంటి మాటులో ఉంటే బ్యారెల్ మూతి కిటికీ బయటికి వచ్చాకే పేల్చాలి. మూతి లోపలుంటే పేలుడు మొత్తం ఆ చిన్న గదిలోనే తిరుగుతుంది, లోపలున్న అందరికీ తగులుతుంది.

పక్కన బైనాక్యులర్‌తో చూసేవాడికి కూడా చెవి రక్షణ కావాలి. బ్యారెల్ మూతికి పక్కగా, కాస్త ముందుగా నిలబడితే కాల్చేవాడి కన్నా వాడికే ఎక్కువ మోత. పిల్లలకు పెద్దల మఫ్ పెట్టొద్దు, కప్పు కింద దవడ దగ్గర ఖాళీ మిగులుతుంది. పిల్లల సైజు తీసుకోండి. వేట కుక్కకూ వినికిడి పోతుంది. దాన్ని మూతికి వెనకగా, దూరంగా ఉంచండి. గర్భిణులు రేంజ్‌కి దూరంగా ఉండటం మంచిది. చెవులు మూసినా కడుపులోకి శబ్దం వెళ్తుంది, గాలిలో సీసం ధూళి సంగతి సరేసరి.

చట్టం ఒప్పుకునే దేశాల్లో, మోత తగ్గించడానికి బ్యారెల్ మూతికి బిగించే సప్రెసర్ 20 నుంచి 35 డెసిబెల్స్ దాకా తగ్గించగలదు. శబ్ద వేగాన్ని, అంటే సెకనుకు దాదాపు 343 మీటర్లను, దాటి వెళ్లే తూటా చప్పుడును అది ఆపలేదు. 165 నుంచి 30 తీసేసినా 135 మిగిలింది. సప్రెసర్ ఉన్నా ప్లగ్గో మఫ్ఫో ఉండాల్సిందే.

పనికిరానివి

దూది, రుమాలు ముక్క, ఖాళీ తూటా తొడుగు, వేళ్లు, పాటలు వినే ఇయర్‌బడ్స్. నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నా సరే, ఇయర్‌బడ్స్ విమానం లాంటి నిలకడైన మోతను తగ్గించడానికి చేసినవి, పేలుడుకు కావు. తూటా తొడుగు లోపల ఇరుక్కుంటే తీయడానికి డాక్టర్ దగ్గరికి పోవాలి.

ఫోమ్ ప్లగ్గులు కడిగి మళ్లీ వాడొద్దు, ఉబ్బే గుణం పోతుంది. సిలికాన్ వాటిని గోరువెచ్చటి నీళ్లు, కొద్దిగా సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. చెవిలో గులిమి ఎక్కువుంటే ప్లగ్ దాన్ని లోపలికి నెడుతుంది. డాక్టర్‌తో తీయించుకోండి, పుల్లలు పెట్టి తిప్పొద్దు.

రక్షణ లేకుండా షాట్ పడితే

చెవిలో గుయ్యిమనడం, దూది కుక్కినట్టు మందంగా ఉండటం దెబ్బకు గుర్తులు. ఆ రోజుకు కాల్చడం ఆపేయండి. ఒకటి రెండు రోజులు నిశ్శబ్దంగా గడపండి, హెడ్‌ఫోన్లు, డీజేలు వద్దు. చాలాసార్లు ఒక రోజులో సర్దుకుంటుంది. సర్దుకుంది కదా అని ఏమీ కాలేదనుకోవద్దు, నరం చివర్లలో జరిగే నష్టం మామూలు పరీక్షలో కనపడకపోవచ్చు. వినికిడి ఒక్కసారిగా పడిపోయినా, మర్నాటికి తగ్గకపోయినా, కళ్లు తిరుగుతున్నా వెంటనే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. స్టెరాయిడ్ మందు అవసరమా అన్నది డాక్టర్ మొదటి రోజుల్లోనే తేల్చాలి, వారాలు గడిస్తే దాని ఫలితం తగ్గిపోతుంది. చెవిలోంచి రక్తం గానీ నీరు గానీ కారుతుంటే కర్ణభేరి చిరిగి ఉండొచ్చు. నూనె, నీళ్లు, చుక్కల మందు ఏదీ పోయకుండా చెవిని పొడిగా ఉంచి ఆస్పత్రికి వెళ్లండి.

షూటింగ్ మొదలుపెట్టే ముందే ఒక ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష కాగితం) తీయించుకుని దాచుకోండి, తర్వాత ఏడాదికోసారి. పరీక్షకు ముందు 14 గంటలు పెద్ద మోతలకు దూరంగా ఉండాలి, లేకపోతే తాత్కాలిక తగ్గుదల కూడా లెక్కలోకి వస్తుంది. 3000, 6000 హెర్ట్జ్ దగ్గర కూడా కొలవమని ముందే అడగండి, కొన్నిచోట్ల వాటిని వదిలేస్తారు. కొత్త కాగితాన్ని పాతదాని పక్కన పెట్టి ఒక్కో చెవికీ 2000, 3000, 4000 దగ్గరి సగటు చూడండి. పాతదానికన్నా 10 డెసిబెల్స్ దిగజారి ఉంటే పెద్ద అంకె ఉన్న మఫ్ కొనడానికి ముందు మీ ప్లగ్ లోతునూ, మెత్త పగుళ్లనూ, కళ్లజోడు కాడ దగ్గరి సందునూ ఒక్కొక్కటిగా తనిఖీ చేయండి.